చివరి నీళ్ళు పోసే చేతులు

బందరు పక్కన మా పెడనలో రంగు తగలని గుడ్డ దొరకడం కష్టం. గాడా గుడ్డని కరక్కాయ పొడీ గేదె పాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు. టేకు అచ్చులతో ముందు నలుపు అద్దుతారు. ఇనప ముక్కల్నీ బెల్లాన్నీ రోజుల తరబడి పులియబెడితే వచ్చే నలుపది. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. పారే నీళ్ళలో జాడించి, రాగి పాత్రలో చిరివేరు వేసి ఉడకబెడితే ఎరుపు బయటికొస్తుంది. ఇంత రంగు మధ్య బతికే మా ఊళ్ళో మనిషి పోతే మాత్రం తెల్ల గుడ్డే తెస్తారు. భర్త ఉండగా పోయిన ఆడమనిషికి ఎర్రచీర కడతారు, పసుపు రాస్తారు, తలనిండా పువ్వులు పెడతారు. భర్త పోయాక పోయినామెకి అవేవీ ఉండవు. ఊపిరి ఆగిన తరవాత కూడా ఆ లెక్క ఆమెను వదిలిపెట్టదు.

మా గుడ్డ చావింటికి వెళ్ళిన దారి ఇంకొకటి ఉంది, అది సముద్రం మీది దారి. 17వ శతాబ్దిలో బందరు (మచిలీపట్నం) రేవు నుంచీ, కోరమాండల్ తీరంలోని మిగతా రేవుల నుంచీ అద్దకం గుడ్డలు ఓడలెక్కి తూర్పు దీవులకు పోయేవి. లవంగాలూ జాజికాయలూ కొనాలంటే అక్కడ వెండి కన్నా ఈ గుడ్డే బాగా చెల్లేది. అక్కడి వాళ్ళు వాటిని కట్టి చింపేసుకోలేదు. ఇప్పటి ఇండోనేషియా దీవుల్లో చాలా చోట్ల మన తీరపు అద్దకాలనూ గుజరాతు పటోలాలనూ తాతల నాటి సొత్తుగా పెట్టెల్లో దాచుకున్నారు. పెళ్ళికీ చావుకీ మాత్రమే బయటికి తీసేవారు. కొన్ని దీవుల్లో పెద్దింటి మనిషి పోతే శవం మీద కప్పేవారు. సులవేసి దీవి కొండల్లో ఉండే తొరాజా జనం ఇళ్ళల్లోనూ ఈ గుడ్డలు తరాల పాటు దొరికాయి. ఆ తొరాజాలు పోయిన మనిషిని వెంటనే పోయినట్టు చెప్పరు, జబ్బు మనిషి అంటారు. ఖర్చులకు డబ్బు కూడేదాకా నెలలు, ఒక్కోసారి ఏళ్ళు, ఇంట్లోనే ఉంచుకుంటారు. పళ్ళెంలో అన్నం పెడతారు, పలకరిస్తారు. పాతిపెట్టాక కూడా కొన్నేళ్ళకోసారి బయటికి తీసి, దుమ్ము దులిపి, కొత్త బట్టలు కట్టి మళ్ళీ లోపల పెడతారు.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. రెండోసారి చదివినప్పుడు ఆ దుమ్ము దులిపే చేతుల మీద దృష్టి నిలిచింది. తల్లి ఎముకల మీద బట్ట సవరిస్తున్న కొడుకు చేతులవి. చావు గురించి ఒక జాతి ఏమనుకుంటుందో తెలుసుకోవాలంటే వాళ్ళ శాస్త్రాలూ పద్యాలూ తరవాత చూడవచ్చు, ముందు శవాన్ని ఎవరు ముట్టుకుంటారో చూడాలన్న ఆలోచన నాలో అప్పుడే పడింది. అది ఇంకా వదల్లేదు.

చావు పట్ల మనిషి వైఖరి ఎలా మారుతూ వచ్చిందో చూపించే ప్రదర్శనలు పడమటి దేశాల్లో జరుగుతుంటాయి. జర్మనీలో కాసెల్ అనే ఊళ్ళో 1992 నుంచి అంత్యక్రియల సంస్కృతికే ఒక మ్యూజియం ఉంది. లండన్‌లో వెల్‌కమ్ కలెక్షన్ వాళ్ళు 2012 నవంబరు నుంచి 2013 ఫిబ్రవరి దాకా పెద్ద ప్రదర్శన పెట్టారు. షికాగోలో పాత అచ్చుచిత్రాల వ్యాపారం చేసిన రిచర్డ్ హారిస్ అనే ఆయన పోగుచేసిన వాటిలోంచి దాదాపు 300 వస్తువులు అందులో ఉంచారు: పుర్రెలు, చెక్కడాలు, చిత్రాలు, ఫొటోలు. ఆ బొమ్మల్ని పుస్తకాల్లో చూశాను. నాకు నచ్చాయి. ఒక మనిషి చావుని అన్ని వైపుల నుంచీ చూద్దామని ఇన్నేళ్ళు పాటుపడడం గౌరవించదగ్గ పని. కానీ ప్రదర్శన అన్నాక అద్దం తప్పదు. మనం ఇవతల, చావు అవతల.

ఈ విషయంలో ఎక్కువమంది చెప్పుకునే చరిత్ర ఫిలిప్ ఆరియెస్ అనే ఫ్రెంచి పండితుడు రాసింది. మృత్యువు ఎదుట మనిషి ఎలా నిలబడ్డాడన్న ఆయన పెద్ద పుస్తకం 1977లో వచ్చింది. ఐరోపాలో ఒకప్పుడు పోయే మనిషికి తాను పోతున్నట్టు తెలిసేది, ఇంట్లో మంచం మీద పడుకుని అందరినీ పిలిపించుకునేవాడు, వీధిలో వాళ్ళూ పిల్లలూ కూడా గదిలోకి వచ్చేవారు, 20వ శతాబ్దికి వచ్చేసరికి చావు ఆస్పత్రి గోడల వెనక్కి పోయింది, దాని గురించి మాట్లాడడమే తప్పయిపోయింది అంటాడాయన. వెయ్యేళ్ళ చరిత్రను ఒక్క గీతలా గీశాడు. ఆ గీతను తెచ్చి కృష్ణా డెల్టా మీద పెడితే సరిపోదు. మన నేల మీద గీత అటూ ఇటూ వంకర్లు పోయింది. శవాన్ని దగ్గరికి తీసుకున్న కాలాలూ దూరంగా నెట్టిన కాలాలూ ఒకదాని పక్కన ఒకటి, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉన్నాయి.

కృష్ణకి అవతలి ఒడ్డున భట్టిప్రోలు ఉంది. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ అక్కడి స్థూపం నడిమధ్యన తవ్వితే రాతి పేటికలు మూడు బయటపడ్డాయి. పేటికలో పేటిక, దాని లోపల స్ఫటికం భరిణె, ముత్యాలు, బంగారు రేకుతో చేసిన చిన్న చిన్న పువ్వులు, వాటి మధ్య ఒక ఎముక తునక. పేటిక అంచుల మీద క్రీస్తుకు పూర్వపు అక్షరాలున్నాయి. కుర అనే అతని తండ్రి, తల్లి, కుర, శివ అనే మరొకరు కలిసి బుద్ధుని శరీర ధాతువులు ఉంచడానికి ఈ పేటికనూ స్ఫటిక భరిణెనూ చేయించారని ఒక చోట ఉంది. గోష్ఠిలో సభ్యులైన వాళ్ళ పేర్లు, వర్తకుల పేర్లు, కుబీరకుడనే రాజు పేరు కూడా ఉన్నాయి. ఆ పేర్లు చదువుతుంటే ఊరు ఊరంతా ఒక చావు చుట్టూ కూడినట్టు అనిపిస్తుంది. చనిపోయినవాడి ఎముకని నదిలో కలిపి దూరం చేసుకోవడం ఒక పద్ధతి. వీళ్ళు దాన్ని తెచ్చుకుని, తాము బతికే చోటి పక్కనే దాచి, చుట్టూ గుమ్మటం కట్టి, దాని చుట్టూ తిరిగారు. ఘంటసాలలో, గుడివాడలో కూడా అలాంటి స్థూపాలే కట్టారు. రోమన్ ఓడలతో వ్యాపారం చేసిన జనం ఎముకను చూసి భయపడలేదు, దాని దగ్గరికి పూలు పట్టుకుని పిల్లల్ని తీసుకుని వెళ్ళారు.

తరవాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. మతం మారింది, జనం మరిచిపోయారు, స్థూపం ఊరి చివరి దిబ్బ అయింది. 19వ శతాబ్దిలో కృష్ణ కాలవల పనులు జోరుగా సాగుతున్నప్పుడు భట్టిప్రోలు దిబ్బ ఇటుకలు రోడ్డుకి పోయాయి, పాలరాయి వెల్లటూరు తూముకి పోయింది. ఎంతోమంది చేతులు అంత శ్రద్ధగా పేర్చిన రాళ్ళను ఇంకెవరో కూలిచేతులు లెక్కపెట్టి బండికెత్తాయి. ఆ కూలీల మీద నాకు కోపం రాదు, వాళ్ళకి అది రాయి. అయినా డెల్టా పొలాల పక్కన ఏ పాత తూము కనబడినా వెల్లటూరే మనసులో మెదులుతుంది.

ఇంకో పక్క, మనం పుట్టి పెరిగిన పద్ధతి. ఇందులో ముట్టుకోవడమూ ఉంది, ముట్టుకున్నందుకు కడుక్కోవడమూ ఉంది. మా నాయనమ్మ పోయినప్పుడు వాకిట్లో బల్ల వేసి పడుకోబెట్టారు. పెద్దకోడలు కుంకుడుకాయ రసంతో తల రుద్దింది, చిన్నకోడలు ఒళ్ళంతా పసుపు పట్టించింది. బతికుండగా ఇద్దరికీ ఆవిడతో పడేది కాదు. ఆ పూట మాత్రం ఆవిడ చెవి వెనకాల నురగ పోయిందో లేదో వేలు పెట్టి చూశారు. ఆ నీళ్ళు పోసే చేతుల్లో ఎంత ఒద్దిక ఉందో నాకు ఇప్పటికీ గుర్తే. శవాన్ని మోసుకెళ్ళేటప్పుడు దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, నోట్లో బియ్యం గింజలు వేసి, చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలిచారు. మా నాన్న పిలిచాడు. అమ్మా అని ఆయన నోట అంత గట్టిగా నేను అంతకు ముందు వినలేదు.

అదే చావులో డప్పు కొట్టినవాళ్ళు అరుగు ఎక్కలేదు. కట్టెలు పేర్చి, శవం పూర్తిగా కాలేదాకా రాత్రంతా కూర్చున్న మనిషికి అన్నం వేరే ఆకులో, వాకిలి బయట పెట్టారు. మనం ముట్టుకుంటే కర్మ, అతను ముట్టుకుంటే వృత్తి. మనకి మైల పదకొండు రోజులు, అతనికి పుట్టిన దగ్గర్నుంచీ మైలే. మన ఊళ్ళల్లో శ్మశానాలకి కూడా కులాలున్నాయి. చావు అందరినీ సమానం చేస్తుందని పాడుకుంటూనే ఒక్కో వీధికి ఒక్కో శ్మశానం పెట్టుకున్న జనం మనం. పదో రోజున భర్త పోయిన మనిషి గాజులు పగలగొట్టేదీ చేతులే, అవి కూడా సాటి విధవల చేతులే. వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. చావు తరవాత ఆడదాని బతుకు ఏమవుతుందన్నది మార్చడం కూడా చావు పట్ల వైఖరిని మార్చడమే. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. గాజులు తియ్యనివ్వనని తల్లి చేయి పట్టుకుని కూర్చున్న ఆడపిల్లల్ని ఈ మధ్య మా వీధిలోనే చూశాను.

మ్యూజియాలు లేకపోయినా మన ఊళ్ళకి చావు ప్రదర్శన ఒకటి ఉండేది. అది కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్ర నాటకంలో తెల్లవారుజామున వచ్చే సీను అది. దాని కోసం జనం రాత్రంతా చాపల మీద కూర్చునేవారు. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రుడిని చూసినవాళ్ళు ఆయన రాగం తీసే తీరు గురించి ముసలితనంలో కూడా చెప్పుకున్నారు. గుర్రం జాషువా గారు శ్మశానం మీద రాసిన పద్యాలు ఆ సీనులోకి వచ్చి చేరాయి, నాటకంతో పాటు ఊరూరా తిరిగాయి. చక్రవర్తి కాటికాపరి అవుతాడు, భార్య కొడుకు శవాన్ని చేతుల్లో వేసుకుని వస్తుంది, అతను కాటిసుంకం అడుగుతాడు. ఊళ్ళో ఎవరూ దగ్గరికి రానివ్వని పనిని స్టేజీ మీద రాజు చేస్తుంటే ఊరంతా ఏడ్చింది. అంటరానితనం అనుభవించిన కవి పద్యాలు పెద్దకులాల వీధుల్లో వన్స్‌మోర్‌లు కొట్టించుకున్నాయి. అలా ఏడ్చినవాళ్ళు తెల్లారాక అసలు కాటికాపరిని అరుగు ఎక్కించలేదన్నదీ నిజమే. ఆ రాత్రికి మాత్రం ఏదో కదిలింది, దాన్ని నేను చిన్నచూపు చూడలేను.

బందరు వైపు వెళితే పరాయివాళ్ళ చావులు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు ఈ రేవుకి వచ్చారు. మా గుడ్డల కోసం వచ్చినవాళ్ళలో చాలామంది జ్వరాలతో ఇక్కడే పోయారు. డచ్చి సమాధుల మీద వంశాల చిహ్నాలు, లోతుగా చెక్కిన అక్షరాలు ఇంకా నిలిచే ఉన్నాయి. సొంతవాళ్ళ చేతులు అందనంత దూరంలో పోయిన మనుషులకి రాయి ఒక్కటే మిగిలింది, అందుకే రాయి మీద అంత కష్టపడ్డారనుకుంటాను. సెయింట్ మేరీ చర్చి కథ బందరులో అందరికీ తెలుసు. జనరల్ జాన్ పేటర్ ప్రేమించిన ఆరబెల్లా రాబిన్సన్ 1809లో పోయింది. పెళ్ళి కాలేదు గనక చర్చి నేలలో పాతిపెట్టడానికి పాదిరీ ఒప్పుకోలేదట. పేటర్ ఆమె దేహాన్ని లేపనాలు పూసి అద్దాల పెట్టెలో ఉంచి, ఆ సమాధి మీదే చర్చి కట్టించి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ కథలో ప్రేమ ఉంది, ఆ మొండితనం నాకు ఇష్టం కూడా. కానీ ఆ ప్రేమ చూడడం దగ్గరే ఆగిపోయింది. అలాగే అద్దం వెనక, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నైషు అని పిలిచే ఈజిప్టు అమ్మాయి మమ్మీ ఉంది, రెండు వేల ఏళ్ళ పైనాటిది. ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చాడు, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. బడిపిల్లలు వరసగా వచ్చి అద్దానికి ముక్కు ఆనించి చూసి వెళతారు. ఒకప్పుడు ఆ పిల్ల ఒంటికి నారగుడ్డ చుట్టిన చేతులు ఎవరివో అని పిల్లల్లో ఒక్కరికైనా అనిపిస్తే బాగుండును.

రాయి లేని చావులు మావాళ్ళవి. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చింది. పట్నంలోనూ చుట్టుపక్కలా కలిపి దాదాపు 30 వేల మంది పోయారు. ఆరియెస్ పుస్తకం అచ్చయిన ఏడాదే, 1977 నవంబరు 19 శనివారం, ఉప్పెన దివిసీమ మీదికి వచ్చింది. తాటిచెట్టంత అల అని అక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవాళ్ళు పది వేల పైచిలుకని ప్రభుత్వ లెక్క. అంతకు మించి పోయారని దివిలో ఎవరినడిగినా చెబుతారు.

నేను అప్పుడు బడి పిల్లవాణ్ణి. మా పెదనాన్నగారి అబ్బాయి కుర్రకారుతో కలిసి శవాలు తియ్యడానికి వెళ్ళాడు. కర్పూరం మూట కట్టిన తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్ళారు. కోతకొచ్చిన చేలల్లో, తుమ్మకంపల్లో, ఇళ్ళ కప్పుల మీద, పశువుల కళేబరాల కింద, ఎక్కడ చూస్తే అక్కడ మనుషులు. మొదట్లో ఒక్కొక్కరినీ విడిగా దించుదామనుకున్నారు. మూడో పూటకి ఆ ఆశ పోయింది. గొయ్యి తీసి పదేసి మందిని కలిపి పూడ్చారు, కట్టెలు ఎండి ఉన్న చోట కిరసనాయిలు పోసి కాల్చారు. హిందువా, క్రైస్తవుడా, ముస్లిమా, ఏ పేట మనిషి అని అడగడానికి చెప్పేవాళ్ళు మిగిలితే కదా. మంత్రం లేదు, ప్రార్థన లేదు, పేరు పెట్టి పిలవడానికి పేరు తెలియదు. అన్నయ్య ఇంటికి వచ్చాక నాయనమ్మ గుమ్మం బయటే నీళ్ళు పెట్టి స్నానం చేసి రమ్మంది. వాడు చెంబు పట్టుకుని అలాగే నిలబడి, "ఎంతమందికని మైల పడతానే నాయనమ్మా" అన్నాడు. ఆవిడ చాలాసేపు వాడి ముఖంలోకి చూసి, చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. మా ఇంట్లో మైల ఒక గుమ్మం దాటి వెనక్కి పోయింది ఆ రోజునే.

దివిసీమకి దేశం నలుమూలల నుంచీ మనుషులొచ్చారు. సైనికులు, విద్యార్థులు, సన్యాసులు, నన్‌లు. మదర్ థెరిసా వచ్చారు. దివి నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు ఆ ఊళ్ళ కోసం పడ్డ పాటు దివిలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. పేర్లు తెలియని వాళ్ళని పేర్లు తెలియని వాళ్ళు మోశారు. చావు పట్ల తెలుగువాళ్ళ వైఖరి మారిన రోజు ఏదని ఎవరైనా అడిగితే నేను ఆ రోజునే చూపిస్తాను. పుస్తకం రాసి మార్చలేదు, చట్టం చేసి మార్చలేదు. కులం చూసే తీరిక లేక, మనుషులు మనుషుల్ని ఎత్తారు. మార్పు పూర్తిగా నిలబడలేదు, నిజమే. ఊళ్ళు మళ్ళీ కట్టుకున్నాక వేరు వేరు శ్మశానాలూ వచ్చాయి. కానీ చేయగలమని ఒకసారి తెలిసింది.

2020లో కరోనా వచ్చినప్పుడు అదే పరీక్ష తిరగబడి వచ్చింది. ఈసారి మనుషులుండి కూడా ముట్టుకోలేకపోయారు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, జిప్పు వేసి, దూరం నుంచి దణ్ణం పెట్టుకోమన్నారు. తండ్రి ముఖం చూడని కొడుకులు మా ఊళ్ళోనూ ఉన్నారు. సొంతవాళ్ళు దగ్గరికి రాలేని చోట తిరుపతిలో ముస్లిం యువకులు ముందుకొచ్చి, పోయినవాళ్ళ మతం ఏదైతే ఆ పద్ధతిలోనే సాగనంపారు. ఆ కుర్రాళ్ళ గురించి చదివినప్పుడు మా అన్నయ్య చెంబు పట్టుకుని నిలబడ్డ తీరు కళ్ళముందుకొచ్చింది.

ఇప్పుడు చావింటికి ముందు వచ్చేది ఫ్రీజర్ పెట్టె. డెల్టాలో చాలా ఇళ్ళల్లో ఒక పిల్లో పిల్లాడో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్నారు. వాళ్ళు వచ్చేదాకా ఉంచాలి. పెట్టె అవసరమే, కాదనను. కడసారి చూపు కోసం రెండు రోజులు విమానాల్లో కూర్చుని వచ్చే బిడ్డ కోసం ఆ మాత్రం చెయ్యాలి. కానీ పెట్టె రాగానే ఇల్లు మారిపోతుంది. వచ్చినవాళ్ళు అద్దం మీద దండ పెట్టి, లోపలికి ఒకసారి చూసి, కుర్చీల్లో కూర్చుంటారు. వెనకటిలాగా మీద పడి శోకాలు పెట్టేవాళ్ళు లేరు. అలా మీద పడి ఏడ్చిన ఆడవాళ్ళు పోయినామె గుణగణాలన్నీ రాగం కట్టి చెప్పేవారు. అప్పులూ అలకలూ కూడా చెప్పేవారు. ఇప్పుడు ఆ పని సెంటర్లో ఫ్లెక్సీ చేస్తోంది. అశ్రునివాళి అని రాస్తారు, కింద నివాళి అర్పించేవాళ్ళ ఫొటోలు పోయిన మనిషి ఫొటో కన్నా ఎక్కువ చోటు తీసుకుంటాయి. స్నానం అంటే నాలుగు చుక్కలు చల్లడమైంది. చల్లబడి గట్టిపడ్డ ఒంటికి నీళ్ళు పోసి లాభం లేదంటారు. పిల్లల్ని పక్కింటికి పంపేస్తారు, భయపడతారని. చావుని ఎదురుగా చూడని పిల్లలు భయపడకుండా పెరుగుతారా? నేను బడిలో చాలా ఏళ్ళు పనిచేశాను. తాత పోయాడని సెలవు పెట్టి వచ్చిన పిల్లలు, ఆఖరిసారి తాత చేయి పట్టుకున్నవాళ్ళు, దాని గురించి మాట్లాడగలిగేవారు. పక్కింట్లో టీవీ ముందు కూర్చోబెట్టిన పిల్లలు ఏమడిగినా తల దించుకునేవారు.

అమెరికా నుంచి ఆలస్యంగా వచ్చిన మా మేనకోడలు ఒకతె వాళ్ళమ్మ పెట్టె దగ్గర నిలబడి మూత తీయించింది. పెద్దలు వద్దన్నారు. గోరువెచ్చటి నీళ్ళు తెమ్మని, తువ్వాలు తడిపి, వాళ్ళమ్మ ముఖం, మెడ, రెండు చేతులు, అరికాళ్ళు తుడిచింది. తొందర పడలేదు. ఒక్కో వేలూ విడదీసి తుడిచింది. అంతవరకూ సెల్‌ఫోన్లలో లైవు పెడుతున్నవాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. తలకొరివి కూడా ఆ పిల్లే పెట్టింది. కూతుళ్ళు తలకొరివి పెట్టడం ఇప్పుడు పేపర్లో వార్త కాదు, మా ఊళ్ళో ఇదివరకే చూశాం. ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని గట్టిగా అనే పెద్దలు ఆ రోజు నోరు మెదపలేదు.

బందరులోనో పెడనలోనో చావు గురించి ఒక ప్రదర్శన పెడితే బాగుంటుందని నాకు నిజంగానే ఉంది. భట్టిప్రోలు పేటికల నకళ్ళు పెట్టాలి, డచ్చి రాళ్ళ మీది రాతలకి తెలుగు చేసి పెట్టాలి, కాటిసీను పద్యాలు వినిపించాలి, డప్పు ఉండాలి, ముస్లింల జనాజా మోసే డోలీ ఉండాలి, క్రైస్తవుల ఆదరణ కూడికలో పాడే పాటల పుస్తకం ఉండాలి. ఉప్పెనలో పోయినవాళ్ళ పేర్లు ఎన్ని దొరికితే అన్ని గోడంతా రాయాలి. శవాలు ఎత్తినవాళ్ళు ఇంకా కొందరు బతికి ఉన్నారు, వాళ్ళ మాటలు ఇప్పుడే రికార్డు చెయ్యాలి, మరో పదేళ్ళు ఆగితే వినడానికి ఎవరూ ఉండరు. కాటికాపరుల పేర్లు, వాళ్ళ తాతల పేర్లు ఆ గోడ మీదే అదే సైజు అక్షరాల్లో ఉండాలి. అద్దాలు మాత్రం వద్దు. పిల్లలు ముట్టుకుని చూడాలి. అరిగిపోతే మళ్ళీ చేసుకుందాం, చేసే చేతులు ఈ ఊళ్ళో ఉన్నాయి.

నా సంగతి కూడా ఇంట్లో చెప్పి ఉంచాను. పెట్టె తేవద్దు. పిల్లలు ఫోన్లో చూస్తే చాలు, రాలేకపోతే బాధపడవద్దు. రాగలిగితే నాకు స్నానం మా అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ కలిసి చేయించాలి, మనవరాలు నీళ్ళు అందించాలి. మా ఆవిడ గాజులు ఎవరూ ముట్టుకోకూడదు. కట్టెలు పేర్చిన మనిషి నా ఇంటి అరుగు మీద, మా వాళ్ళ పంక్తిలో కూర్చుని భోంచెయ్యాలి. ఇదంతా విని మా ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. గాజుల మాట దగ్గర ముఖం తిప్పుకుంది. కాసేపటికి, "పెట్టె వద్దంటున్నారు సరే, మంచి ఎండాకాలంలో అయితేనో?" అంది. పొద్దుటి పూటే తీసుకెళ్ళిపోండి అన్నాను. "అమ్మాయి రావాలిగా" అంది. ఆ ఒక్కటీ మా ఇద్దరికీ ఇంకా తెగలేదు.